పాలపండ్ల కోడె

కోడె పైపెదవి మడిచి మూతిని ఆకాశానికి ఎత్తినప్పుడల్లా లచ్చన్న చేతిలో పని వదిలి దాని దగ్గరికి వెళ్ళేవాడు. ఒక చేత్తో దవడ పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి లాగి చూసేవాడు. చిగురు మీద ఉన్నవన్నీ పాలపండ్లే. చిన్నవి, తెల్లనివి, వరసగా జొన్న గింజల్లా ఉన్నవి. ఒక్కటీ కదలడం లేదు.

"ఏమున్నదిరా నోట్లె? పండ్లస్తున్నయా? జిల పుడ్తున్నదా?" అని అడిగేవాడు.

కోడె అతని అంగీకి ముక్కు రాసి, మళ్ళీ పెయ్యల వైపు తిరిగేది.

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు చలికాలమంతా ఇదే వరస. లచ్చన్నది సిరిసిల్ల దగ్గర పల్లె. మస్కట్‌కు వచ్చింది మేస్త్రీ పనికి. సైట్ మూతపడ్డప్పుడు నాసర్ అనే ఆసామి వచ్చి "పశువులు తెలుసా?" అని అడిగి, బర్కా ఊరి బయట ఖర్జూర తోట వెనక ఉన్న తన ఫారానికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆయనే అర్బాబ్, అంటే యజమాని. ఆవులంటే పాల కోసమే అనుకుని లచ్చన్న సంతోషంగా వచ్చాడు. ఆస్ట్రేలియా నుంచి ఓడలో దిగిన ఆ నల్ల ఆవులను ఎవరూ పిండరని, వాటి దూడలు మాంసానికేనని వచ్చాక తెలిసింది. ఇంటికి మాత్రం "పశువుల కాడ పని" అని చెప్పాడు. అది అబద్ధం కాదు. కానీ "పాలు మంచిగ తాగుతున్నవా?" అని భార్య యాదవ్వ ఫోనులో అడిగినప్పుడు ఎండల గురించి మాట్లాడాడు.

సోమవారం ఒక్కపొద్దు ఉండేవాడు. పొద్దున్నే స్నానం చేసి విభూతి పెట్టుకున్నాకే దొడ్లో అడుగుపెట్టేవాడు. మేత వేయడం నా చేతిలో ఉంది, తీసుకుపోవడం నా చేతిలో లేదు అని తనకు తాను చెప్పుకునేవాడు. ఆ మాట కొన్నాళ్ళు పనిచేసింది. ఈ కోడె పుట్టాక పనిచేయడం మానేసింది.

దీన్ని ఈని తల్లి ఆ రోజే చచ్చిపోయింది. లచ్చన్న సీసాతో పాలు పట్టి పెంచాడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు అతనికి కూతురు సుమలత పుట్టింది. బిడ్డ పుడితే కోడెను కడతానని వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాడు. కోడె పలుపు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, స్వామి ఎదుట కట్టి రావాలి. అంతలో వీసా వచ్చింది. మొక్కు మిగిలిపోయింది. సెలవు అడిగినప్పుడల్లా అర్బాబ్ వచ్చే ఏడు అన్నాడు. అందుకని లచ్చన్న తన మనసులో ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఊరికి పోయేదాకా ఇదే రాజన్న కోడె. ఇది క్షేమంగా ఉంటే మొక్కు సగమైనా తీరినట్టే. ఈ ఏర్పాటు దేవుడికి సమ్మతమో కాదో అతనికి తెలియదు. అడిగితే చెప్పే పూజారి కూడా అక్కడ లేడు.

మిగతా మగ దూడలను రోడ్డు అవతలి దొడ్డికి తోలేశారు. అక్కడ దాణా పెట్టి బలిసేలా మేపుతారు. అక్కణ్నుంచి లారీ ఎక్కుతాయి. "ఈడు రాకముందే మగవాటిని పెయ్యల్లో నుంచి తీసెయ్ లచ్చన్నా" అని కాంపౌండరు ఖాదర్‌వలి చెప్పి వెళ్ళాడు. పశువుల డాక్టర్ ఒక సూడాన్ ఆయన. ఆయన తరఫున ఫారాలు తిరిగి సూదిమందు వేసేది రాయచోటి మనిషి ఖాదర్‌వలి. లచ్చన్న ఆ మాట విన్నాడు. అన్నింటినీ తీశాడు, ఈ ఒక్కదాన్ని తప్ప.

ఈడు అంటే ఏమిటో అతనికి తెలుసు. వాళ్ళ ఊళ్ళో కోడె పాలపండ్లు రాల్చి రెండు పెద్ద పండ్లు వేస్తేనే ఈడు. సంతలో బేరమాడినా, కాడికి అలవాటు చేసినా ముందు నోరు తెరిచి చూసేవారు. అప్పటికి కొమ్ములు జానెడు లేస్తాయి, మూపురం నిలబడుతుంది. అంతవరకు అది దూడే. ఈ నల్ల జాతికేమో కొమ్ములే మొలవవు, మూపురం ఉండదు. పుట్టి ఏడాది కూడా నిండలేదు. పాలపండ్ల కోడెను చూసి భయపడేదేముంది?

పంపుసెట్లు చూసే ఓంకార్ నిజామాబాద్ వైపువాడు. అతనికి ఎవరినైనా ఏదో ఒకటి అనకపోతే పొద్దుపోదు.

"కాకా, నీ కొడుకు మెడ జూసినవా? ఎట్ల బలుస్తున్నదో! గొంతు గూడ మారింది. పెండ్లి జేయరాదు?"

"నోర్ముయ్‌రా. పాలపండ్లు గూడ రాలలేదు దానికి."

"గా పనికి పండ్లతోని ఏం పనే కాకా?"

లచ్చన్న నవ్వలేదు. కోడె పెయ్యల మీద ఎగబడటం అతనూ చూశాడు. దూడలు ఆడుకునేటప్పుడు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పెయ్యలు కూడా ఎక్కుతాయి. అది ఆట.

ఒక బుధవారం ఉదయం పొట్టిది అరుస్తూ కనిపించింది. పెయ్యలన్నింటిలోకి చిన్నది కాబట్టి దానికా పేరు. మేత ముట్టలేదు. తోక పక్కకు పెట్టి, కంచె పొడుగునా అటూ ఇటూ తిరుగుతోంది. మిగతావి దాని మీద ఎక్కుతుంటే కదలకుండా నిలబడుతోంది. ఎదకొచ్చిందని లచ్చన్నకు చూడగానే అర్థమైంది. ఇంత చిన్నదానికి అప్పుడే ఎద ఏమిటని ఆశ్చర్యపోయి, పక్కకు కట్టేద్దామని తాడు తేవడానికి షెడ్డులోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కోడె దాన్ని దాటుతోంది.

అది ఆట కాదు. ఊళ్ళో ఆవులను ఆంబోతు దగ్గరికి తోలుకుపోయినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కోడె కిందికి దిగి, నడుము వంచి, ఏమీ జరగనట్టు వచ్చి లచ్చన్న చెయ్యి నాకింది. అలవాటు కొద్దీ అతను దాని నోరు తెరిచాడు. పాలపండ్లే.

ఇక ఆ రోజు అతని చెయ్యి ఏ పనిలోనూ నిలవలేదు. నీళ్ళ తొట్టి నిండి పొర్లుతుంటే ఓంకార్ వచ్చి మోటారు కట్టేశాడు. పోయిన ఏడు ఇలాగే ఒక చిన్న పెయ్య ఎలాగో సూడి కట్టింది. ఈనే వేళకు దూడ తల అడ్డం పడింది. తాళ్ళు కట్టి లాగారు. లచ్చన్న దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి పెయ్యా పోయింది, దూడా పోయింది. పొట్టిదాని నడుము ఆ పెయ్య నడుము కన్నా సన్నం.

ఖాదర్‌వలికి చెబితే ఏదో ఒక మందు ఉంటుంది. చెబితే కోడె సంగతి బయటపడుతుంది. బయటపడితే అది రోడ్డు దాటుతుంది. ఆ తరువాత లారీ. చెప్పకపోతే పొట్టిది ఈనే రోజు కోసం ఎదురుచూస్తూ బతకాలి. సూడి కట్టకపోయి ఉండొచ్చు కదా అని ఒకసారి అనిపించింది. కట్టి ఉంటే అని వెంటనే అనిపించింది.

కోడెను పంపు షెడ్డు వెనక కట్టేశాడు. అది రెండు రోజులూ అరిచింది. దూడ అరుపు కాదు, కడుపులోంచి వచ్చే బరువైన అరుపు. నేల గీరింది. పలుపు తెంపింది. మళ్ళీ కట్టాడు.

"కాకా, మోటర్ సప్పుడు గూడ ఇనవడ్తలేదు దీని తోని. ఏమైందే?" అన్నాడు ఓంకార్.

"ఏం గాలే. పని జూస్కో."

శుక్రవారం సెలవు. లచ్చన్న పొద్దున్నే తలస్నానం చేసి, బైజా బస్సు అనే చిన్న వ్యాను ఎక్కాడు. రూవిలో దిగి, ఇంకో బండి పట్టుకుని పాత మస్కట్‌లో శివాలయానికి వెళ్ళాడు. ఆ రోజు గుడి నిండా మనవాళ్ళే. వరసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడు చేతులు జోడించాడు. స్వామీ, అది సూడి కట్టకుండా చెయ్యి అని అడగబోయాడు. ఒక జీవి పుట్టకుండా చెయ్యమని శివుణ్ని అడగవచ్చునా? పోనీ సూడి కట్టి సుఖంగా ఈనేటట్టు చెయ్యి అని అడుగుదామా అంటే, పొట్టిదాని నడుము కళ్ళ ముందు నిలిచింది. సుమలత కోసం అయిదారేళ్ళు ఏ మాట అడిగాడో, ఈ పెయ్యకు ఆ మాట తిరగబడింది. వెనకున్నాయన "జరగండి అన్నా" అన్నాడు. ఏమీ అడగకుండానే పక్కకు జరిగాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. అల్ ఖువైర్‌లో తెల్లటి ఆఫీసులన్నీ శుక్రవారం మూసి ఉన్నాయి. బర్కాకు నేరుగా వెళ్ళాల్సినవాడు మబేలా రాగానే లేచి, "రోకో, రోకో" అని డ్రైవర్‌ను కేకేసి దిగిపోయాడు. దిగాక గానీ తాను దిగినట్టు అతనికి తెలియలేదు.

ఇళ్ళు అప్పుడప్పుడే లేస్తున్న ఆ వీధిలో ఖాదర్‌వలి రూమ్ కనుక్కోవడానికి కొంతసేపు పట్టింది. ఖాదర్‌వలి నమాజు నుంచి వచ్చి, బట్టలు తీగ మీద ఆరేస్తున్నాడు.

"ఏం లచ్చన్నా, శుక్రవారం పూట ఇట్లొచ్చినావ్? ఆవేమన్నా పడిపోయిందా?"

"పడలే సాబ్. కోడె సంగతి."

"ఏ కోడె? మగవన్నీ తోలేస్తివి గదా."

"ఒకటుంచిన. పండ్లేయలేదని."

"పండ్లేందప్పా?"

లచ్చన్న చెప్పాడు. ఊళ్ళో ఈడు ఎలా చూస్తారో చెప్పాడు. రెండు పండ్ల సంగతి, కొమ్ముల సంగతి చెప్పాడు. కోడె మూతి ఆకాశానికెత్తుతుంటే పండ్ల జిల అనుకుని రోజూ నోరు తెరిచి చూశానని చెప్పాడు. ఖాదర్‌వలి తడి లుంగీ చేతిలో పట్టుకుని, పొట్ట అదిరేలా నవ్వాడు.

"జిల కాదప్పా సామీ! పెయ్య ఉచ్చ వాసన పట్టేది అట్ల. ఏది ఎదకొచ్చిందా అని చూస్తాది. నువ్వేమో నోట్లో పండ్లు లెక్క పెడతా కూర్చున్యావ్! మనూరి జాతి వేరే లచ్చన్నా. రెండేండ్లయినా నిదానంగా వస్తాది ఈడు. ఇవి అట్ల కాదు, తొమ్మిది పది నెలలకే మొగోళ్ళు అయిపోతాయి. మేత బాగుంటే ఇంకా ముందే. చూడాల్సింది పైన కాదప్పా, కింద. బీజాలు."

"నవ్వకు సాబ్. పొట్టిదాన్ని దాటింది."

ఖాదర్‌వలి నవ్వు ఆగిపోయింది. లుంగీ తీగ మీద వేసి చేతులు తుడుచుకున్నాడు.

"ఎప్పుడు?"

"బుధవారం."

"పోయినేడు చచ్చిపోయిన పెయ్య కంటే చిన్నది గదా అది?"

"చిన్నదే. గందుకే అచ్చిన."

"మంచి పని చేసినావ్. వారం దాటినాక సూదేస్తే దిగిపోతాది. ఇప్పుడేస్తే పట్టదు. నెలలు ముదిరినాక వేసేది ప్రమాదం. ఇంకా ఏమన్నా దాటిందా?"

"నేను జూసింది గదొక్కటే."

"చూడంది?"

ఖాదర్‌వలి లోపలికి పిలిచి చాయ్ పోశాడు. లచ్చన్న కప్పు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"సూదేస్తే లోపటిది పోతది గదా సాబ్?"

"పోతాది."

"గది పాపం గాదా?"

ఖాదర్‌వలి గడ్డం నిమురుకుంటూ గోడ వైపు చూశాడు.

"నన్నడిగితే ఎట్లప్పా? ఏ సూదేసినా బిస్మిల్లా అంటా. ఈ సూదికి అనాల్నా, వద్దా అని నాకూ తెలీదు. ఒకసారి అంటా. ఒకసారి మర్చిపోయినట్టు ఊరుకుంటా. తాగు, చల్లారిపోతాది."

మరునాడు డాక్టర్‌తో మాట్లాడి ఖాదర్‌వలి ఫారానికి వచ్చాడు. అర్బాబ్ నాసర్ కూడా వచ్చాడు. కోడెను పశువు కదలకుండా నిలిపే ఇనుప పట్టె మధ్యలోకి తోలి, వెనక నుంచి టేపుతో బీజాల చుట్టుకొలత తీశారు. ఖాదర్‌వలి కిందికి వంగి ఇంకా ఏదో చూశాడు. దూడగా ఉన్నప్పుడు ఆ అంగం పైతోలుకు అతుక్కుని ఉంటుందని, ఈడొచ్చేకొద్దీ విడివడుతుందని, దీనికి పూర్తిగా విడివడిందని లచ్చన్నకు చెప్పాడు. తరువాత అరబ్బీలో అర్బాబ్‌కు చెప్పాడు. అర్బాబ్ తిడతాడని లచ్చన్న తల వంచుకుని నిలబడ్డాడు. అర్బాబ్ తిట్టలేదు. కోడె వీపు చరిచి నవ్వాడు.

"ఇత్నా జల్దీ? హాదా ఫహల్!"

ఇంత తొందరగానా, ఇది ఫహల్ అంటున్నాడు. ఫహల్ అంటే విత్తనపు ఆంబోతు అని లచ్చన్నకు తెలుసు.

"ఏమంటున్నడు సాబ్? ఉంచుతడా?"

"మాంసం జాతిలో ముందుగా ఈడొచ్చేది మంచిదేనప్పా. వీటి దూడలు కూడా తొందరగా ఎదుగుతాయి. ఏడాది నిండినాక డాక్టర్ మళ్ళీ చూస్తాడంట. అన్నీ బాగుంటే మందకు ఉంచుతాడు. లేకుంటే ఈద్‌కు."

"ఏడాది నిండేదాక ఏడ?"

ఖాదర్‌వలి గడ్డంతో రోడ్డు అవతలి వైపు చూపించాడు.

లచ్చన్నే పలుపు పట్టాడు. రోడ్డు వరకు కోడె అలవాటుగా అతని వెనకే నడిచింది. నడిరోడ్డు మీద ఆగి, మూతి పైకెత్తి, గాలి పీల్చి, వెనక్కి తిరిగింది. లచ్చన్న పలుపు గుంజాడు. అది తల వంచి అతని తొడను తోసింది. అతను కింద పడ్డాడు. ఓంకార్, ఇంకో ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. సీసా పాలు తాగిన దాని బలం ఎప్పుడు ఇంత పెరిగిందో అతనికి తెలియలేదు. అవతలి దొడ్డి గేటు మూసేటప్పుడు అది అతని వైపు చూడనే లేదు. రాజన్న కోడె అని మనసులో అనబోయాడు. ఆ మాట అనే హక్కు ఇంకా ఉందో లేదో తెలియక ఆగిపోయాడు. దేవుడికి ఇచ్చిన కోడెను చూడటానికి రోజూ మేత వేళకు అవతలికి పోవచ్చు. ఈద్ దాకా పోవచ్చు. ఆ తరువాతి సంగతి డాక్టర్ టేపు చెప్పాలి.

ఆ తరువాతి వారం ఖాదర్‌వలి సూది తెచ్చాడు. పొట్టిదాన్ని పట్టెలో నిలబెట్టారు. లచ్చన్న దాని తల పట్టుకున్నాడు. సూది దిగేటప్పుడు ఖాదర్‌వలి పెదవులు కదిలాయో లేదో చూడకుండా ఉండాలని అటు ముఖం తిప్పుకున్నాడు. పొట్టిది ఒకసారి ఉలిక్కిపడింది. అంతే. గేటు తీయగానే పోయి మిగతావాటితో కలిసి గడ్డి తినడం మొదలుపెట్టింది.

"రెండు మూడు రోజులకు మళ్ళీ ఎదకొస్తే పనైనట్టు. వచ్చినా రాకపోయినా నాకు కబురు చెయ్యి" అని చెప్పి ఖాదర్‌వలి వెళ్ళాడు.

అప్పటినుంచి లచ్చన్న పొద్దున లేచిన వెంటనే, స్నానానికి కూడా ముందే, దొడ్డి దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. పొట్టిది నెమరేస్తూ పడుకుని ఉంటే కంచె దగ్గరే నిలబడిపోయేవాడు. మందు పట్టలేదని భయం. ఆ భయం కింద ఇంకోటి, పట్టకపోతే బాగుండునన్న ఆశ. ఆ రెంటినీ విడదీయడం అతని వల్ల కాలేదు. దేవుడి పటం ముందు కూర్చుని రాజన్నా అన్నాక, తరువాతి మాట రాలేదు. రాదని తెలిసి కూడా కూర్చునేవాడు.

"కాకా, నీకు జరమొచ్చిందా ఏంది? అటిటు తిరుగుతనే ఉన్నవు" అన్నాడు ఓంకార్.

"ఏం లేదురా."

"కోడె మీద బెంగనా? దానికేం, అక్కడ దాణా తింటున్నది మారాజు లెక్క."

"కోడె కాదురా. ఈ పిల్ల."

ఓంకార్ కాసేపు పక్కన నిలబడి, తన పంపుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మూడో పొద్దున లచ్చన్న షెడ్డు తలుపు తీస్తుండగానే అరుపు వినిపించింది. పొట్టిది తోక పక్కకు పెట్టి కంచె వెంబడి తిరుగుతోంది. ఒక పెయ్య దాని మీద ఎక్కితే కదలకుండా నిలబడింది. రోడ్డు అవతలి దొడ్లోంచి కోడె అరిచింది. ఇది అరిచింది. మళ్ళీ అది.

లచ్చన్న కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి ఏ మగదీ దాని దగ్గరికి రాదు. మోయలేని బరువు దాని నడుము మీద ఇక లేదు. ఉన్న ఒకటి లేకుండా పోయింది. దాన్ని ఎవరూ చూడలేదు. దానికి ఒక పేరు లేదు. అతను చేతులు జోడించాడు. దేన్ని కాపాడినందుకు, దేన్ని తీసుకుపోయినందుకు అన్నది చెప్పకుండా, చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఓంకార్, ఆఫీసుకు పోయి వలీ సాబ్‌కు ఫోన్ జెయ్యి. పొట్టిది ఎదకొచ్చిందని చెప్పు. గంతే చెప్పు" అన్నాడు.

తరువాత గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు. పొట్టిది అతన్ని తోసుకుంటూ పోయింది, తిరిగి వచ్చింది, మళ్ళీ పోయింది. దాని వెనకే నడుస్తూ వీపు మీద చెయ్యి వేశాడు. చర్మం కింద వణుకు తగిలింది.

"ఓర్సుకో బిడ్డా," అన్నాడు. "మాపటికి తగ్గుతది."